నలభై మూడో బిళ్ళ

ఉదయం పది కొట్టడానికి ఐదు నిమిషాలుందనగా అటెండరు వరండాలోని పొడుగు బల్లని తడిగుడ్డతో తుడిచేవాడు. పది కొట్టేసరికి బల్ల నిండిపోయేది. ఎవరి చోటు వాళ్ళది. ఈ కొసన ఇంటి నంబరు తాతయ్య, ఆ కొసన కిటికీ పక్కన నలభై మూడు గారు, మధ్యలో ఈ వారం వచ్చి వచ్చే వారానికి పని ముగించుకుపోయే జనం. గోడగడియారం పదో గంట కొట్టకముందే సూపరింటెండెంటు మెట్లెక్కి వచ్చేవాడు. ఆయన రాకను చూసి తమ గడియారాలు సరిచేసుకునేవాళ్ళు ఆ వీధిలో ఇద్దరు ముగ్గురు ఉండేవారు.

"నమస్కారం, నలభై మూడు గారూ."

"నమస్కారమండీ." ఆమె చేతిలోని కుట్టు ఆపకుండానే తలెత్తి ఒకసారి ఎగాదిగా చూసేది. "మూడో గుండీ వేలాడుతోంది. మధ్యాహ్నం ఇటివ్వండి."

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన కోటు మెడదాకా బిగించుకుని కూర్చుని, చొక్కా అటెండరు చేత బయటికి పంపేవాడు. అటెండరు మూతి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ తీసుకెళ్ళేవాడు. అయిదు నిమిషాల్లో గుండీ గట్టిపడి చొక్కా తిరిగొచ్చేది. ఆ మధ్యాహ్నమంతా సూపరింటెండెంటు ఎవరి మీదా కసురుకునేవాడు కాదు. కింది గుమాస్తాలకి ఈ సంగతి బాగా తెలుసు. చెప్పుకోవలసిన తప్పులన్నీ గుండీ కుట్టిన రోజునే చెప్పుకునేవారు.

ఇంట్లో ఆయన అక్కయ్యకి మాత్రం ఈ గుండీల గొడవ అంతుపట్టేది కాదు. "ఏరా, ఇంట్లో ఉన్నంతసేపూ రాయిలా ఉంటుంది, ఆఫీసుకి వెళ్ళేసరికి ఊడుతుంది. దారిలో గుండీల దొంగలున్నారా?" అనేది. వీధి మలుపు తిరిగాక దారాన్ని గోటితో గీరి వదులు చేసేది తనేనని అక్కతో చెప్పుకోగలడా?

ఆ కార్యాలయంలో అర్జీ ఇచ్చిన ప్రతివాళ్ళకీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇస్తారు. బిళ్ళ పుచ్చుకుని రోజూ వచ్చి బల్ల మీద కూర్చున్నంత కాలం, అంటే ఫైలు మూసేదాకా, ఆ మనిషికి వయసు రాదు. కిటికీ లోపల కుర్చీల్లో పనిచేసేవాళ్ళకి మామూలుగానే వస్తుంది. వరసగా మూడు రోజులు రాకపోతే బిళ్ళ ఇంకొకరికి పోతుంది. ఒకసారి ఒకావిడ, అందం చెక్కుచెదరకుండా ఉంటుందని, లేని గోడ మీద తగాదా అర్జీ పెట్టుకుని వచ్చి కూర్చుంది. మూడో రోజుకి ఆవలించి ఆవలించి దవడలు పట్టేసి, బిళ్ళ కిటికీలో పడేసి వెళ్ళిపోయింది. ఆశ ఉంటేనే ఆ బల్ల మీద కూర్చోవడం ఎవరికైనా సాధ్యం. తాతయ్యకి ఆ ఆశ పంతొమ్మిదేళ్ళుగా ఉంది. తన ఇంటి నంబరు పక్కింటికీ పక్కింటిది తనకీ పడింది, మార్చమని ఆయన అర్జీ. పంతొమ్మిదేళ్ళుగా ఆయన వయసు ఎనభై ఒకటే. "పోదామన్నా తీరిక దొరకడం లేదర్రా!" అని బల్లంతా నవ్వించేవాడు.

నలభై మూడు గారి కథ ఇంకొంచెం పాతది. ఆమె భర్త ఒక సాయంత్రం సైకిలు చెయిను బిగించుకొస్తానని వెళ్ళాడు. అంతే, మళ్ళీ అజాపజా లేదు. రెండేళ్ళు చూసి, తన పేరు మీద ఇంటి కార్డు ఇప్పించమని ఆమె అర్జీ పెట్టుకుంది. కార్డు లేని మనిషికి ఎవరూ గది అద్దెకివ్వరు, దుకాణం పెట్టుకోనివ్వరు. ఆ కార్యాలయంలో రెండు విభాగాలున్నాయి. ఉన్నవారి విభాగం, పోయినవారి విభాగం. భర్త ఉంటే ఆయన సంతకం తెమ్మంది మొదటిది. పోతే పోయినట్టు కాగితం తెమ్మంది రెండోది. ఉన్నాడో పోయాడో తెలియని మనిషి భార్యకి ఏ విభాగంలోనూ గడి లేదు. దాంతో ఆమె ఫైలు పద్నాలుగు అడుగుల నడవాకి అటూ ఇటూ అటెండరు చేతుల్లో తిరుగుతూనే ఉంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ప్రతివాళ్ళూ తమ పని తాము చేశారు, పక్కవాళ్ళ పని తమది కాదన్నారు.

ఆ అర్జీ మొదటిరోజు పుచ్చుకున్నది ఆయనే. అప్పుడాయన కిటికీ దగ్గర కొత్త గుమాస్తా, ముప్ఫై ఏళ్ళవాడు. ఆమెకి ముప్ఫై నాలుగు.

"కార్డు దేనికండీ?" అని అడిగాడు, ఆ గడి కూడా నింపాలి కాబట్టి.

"ఒక గది కావాలి బాబూ," అందామె. "దానికో తాళం. తాళంచెవి నా చేతిలో ఉండాలి. మిగతాది కుట్టుమిషను చూసుకుంటుంది."

అప్పుడు "బాబూ" అంది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఇద్దరిదీ ఒకే వయసయింది, "గుమాస్తా గారూ" అనడం మొదలుపెట్టింది. ఆయన జుట్టు పలచబడ్డాక ఉత్త "అండీ" మిగిలింది. ఆమె మాత్రం ఆ ముప్ఫై నాలుగు దగ్గరే ఉంది. పళ్ళతో దారం తెంపేటప్పుడు ఎడమ కన్ను చిన్నది చేసే అలవాటుతో సహా ఏమీ మారలేదు. ఏదో ఒక ఉదయం తనని "బాబాయి గారూ" అంటుందేమోనని ఆయనకి ఈమధ్య లోలోపల భయం పట్టుకుంది.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ప్రమోషను రానీ అన్నాడు. ప్రమోషను వచ్చాక ఇప్పుడేం పెళ్ళి అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టలేదు. జ్వరం వచ్చినా మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చి కూర్చున్నాడు. అంకితభావం అంటే అదీ అని పై అధికారులు మెచ్చుకుంటూ రెండుసార్లు ఉత్తరం రాశారు. ఆయనకి కావలసింది ఉదయం మెట్లెక్కగానే ఆ కిటికీ పక్కన ఆ తల వంచుకున్న మనిషి కనబడడం. అంతకుమించి ఆయన ఏమీ ఆశించలేదు. ఆ ఒక్కటి లేకపోతే మాత్రం బతకలేననుకున్నాడు.

అసలు పాపం అక్కడే ఉంది. సూపరింటెండెంటు అయిన మొదటి వారంలో ఆయన చేతికి అధికారాల పుస్తకం వచ్చింది. నూట పన్నెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక నియమం. ఏ గడిలోనూ ఇమడని అర్జీదారు విషయంలో సూపరింటెండెంటు ఆ గడికి అడ్డంగా గీత కొట్టి, వర్తించదు అని రాసి, సంతకం చేయవచ్చు. అంతే. ఇంకెవరినీ అడగనక్కర్లేదు. ఆయన గబగబా ఫైలు తెప్పించి, కలం మూత తీసి, కిటికీలోంచి చూశాడు. ఆమె దారం తెంపుతోంది. సంతకం పెడితే రేపు ఆ చోటు ఖాళీ. రేపు పెడదాంలే అనుకున్నాడు. ఆ రేపు పదకొండేళ్ళు సాగింది. ఫైలు మాత్రం ఎప్పటిలాగే నడవాకి అటూ ఇటూ తిరిగింది, ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

ఇప్పుడు పదవీ విరమణ రోజు వచ్చింది. సాయంత్రం సాగనంపే సభ కోసం మధ్యాహ్నం నుంచే గుమాస్తాలు కుర్చీలు సర్దుతున్నారు. ఆయన తలుపు దగ్గరగా వేసి, ఫైలు తెరిచి, గీత కొట్టి, వర్తించదు అని రాసి సంతకం పెట్టాడు. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషం చూసి ఆయనకే భయమేసింది. తర్వాత కార్డు తన చేత్తో రాసి, నలభై మూడు గారిని లోపలికి పిలిపించాడు.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. కార్డు అందుకుని రెండుసార్లు చదువుకుంది. ఇంటి యజమాని అన్న చోట తన పేరు. కళ్ళు తుడుచుకుంది.

"ఏ విభాగం ఒప్పుకుందండీ, చివరికి?"

అబద్ధం నాలిక చివర సిద్ధంగా ఉంది. ఒప్పుకున్నారమ్మా అంటే సరిపోయేది, ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోయేది. ఆయన పుస్తకం ఆమె వైపు తిప్పి నూట పన్నెండో పేజీ చూపించాడు. ఆమె చదివింది.

"ఈ రూలు ఎప్పటి నుంచి ఉంది?"

"పుస్తకం అచ్చయినప్పటి నుంచీ."

"మీకెప్పుడు తెలిసింది?"

"పదకొండేళ్ళ కింద."

బయట కుర్చీలు లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె కార్డుని చేతిసంచిలో పెట్టుకుని, సంచి మూతి బిగించింది.

"ఎందుకండీ?"

"మీరు వెళ్ళిపోతారని."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కొంత నయంగా ఉండేది. "పదకొండేళ్ళుగా నాకు వయసు రాలేదు, నిజమే. బతుకూ రాలేదు కదండీ. మా అన్నయ్య ఇంట్లో వెనక వసారాలో నా మంచం. వదిన గడియ పెట్టుకుందంటే మంచినీళ్ళకి కూడా తలుపు కొట్టాలి. మీకేం కావాలో నాతో చెప్పి ఉండొచ్చు. నాకేం కావాలో నేను మొదటిరోజే చెప్పాను."

"చెప్పారు."

"విన్నారుగా?"

"విన్నాను. గడిలో రాశాను కూడా."

ఆమె ఇత్తడి బిళ్ళని ఆయన ముందున్న మేజా మీద పెట్టింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి ఆయన కుడి చేతి మణికట్టు దగ్గర గుండీ వైపు చూసింది. అది ఒక పోగు మీద వేలాడుతోంది. సూది తీయకుండానే వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. ఆ సాయంత్రం సభలో ఆయన నిజాయితీ గురించి నలుగురు మాట్లాడారు. ఆయనకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు తెలిసింది, ఆయన విరమణ పూర్తి కాలేదని. సర్వీసు రిజిస్టరులో సెలవుల పేజీ ఖాళీగా ఉంది. ఖాళీ పేజీని దాటవేయడానికి వీల్లేదు. సెలవు పెట్టిన అర్జీలు జతచేయమంది ఒక విభాగం, పెట్టనివాడి అర్జీలు మా దగ్గరెక్కడివి అంది ఇంకొకటి. ఆయన ఉద్యోగంలో ఉన్నట్టూ కాదు, దిగినట్టూ కాదు. ఆ కార్యాలయం చరిత్రలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టనివాడు ఇంతకుముందు ఎవడూ లేడు. అందుకని ఏ గడీ లేదు. కిటికీ దగ్గరి అమ్మాయి మొహమాటపడుతూ ఒక అర్జీ రాయించుకుని, ఒక బిళ్ళ ఇచ్చింది. ఖాళీగా ఉన్నది అదొక్కటే. నలభై మూడు.

కొత్త సూపరింటెండెంటు ఆయన చేతి కింద పని నేర్చుకున్న పిల్లే. ఆ సాయంత్రమే వరండాలోకి వచ్చింది. "సార్, నిన్న మీరే వాడారు కదా. నూట పన్నెండో పేజీ. రేపు పొద్దున్నే కొట్టేస్తాను."

"వద్దు తల్లీ. వరసలో తిరగనీ."

"ఎన్నాళ్ళు సార్?"

"పదకొండేళ్ళు."

ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఆయన ఫైలు అటెండరు చేతికిచ్చింది.

అలా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బల్ల అవతలి వైపు నుంచి చూస్తే కార్యాలయం వేరేలా ఉందని మొదటి వారంలోనే తెలిసొచ్చింది. లోపల ఎవరైనా నవ్వితే మన ఫైలు గురించేమో అనిపిస్తుంది. అటెండరు కాగితాలు పట్టుకుని కదిలితే అది మన ఫైలేనేమోనని మెడ సాగుతుంది. అయిదు కొట్టగానే లోపలివాళ్ళు సంచులు సర్దుకుంటూ ఉంటే ఇవాళ కూడా పోయిందనిపిస్తుంది. వీటన్నిటినీ ఆమె ఒక్కతే ఇన్నేళ్ళు మోసింది. మోస్తూ ఆయన గుండీలు కుట్టింది. ఆ తలపు వచ్చినప్పుడల్లా ఆయనకి అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించేది.

తాతయ్య మాత్రం సంతోషించాడు. "రావయ్యా, నువ్వూ మా ఇంటివాడివయ్యావు," అని చోటిచ్చాడు. మూడో ఏట తాతయ్య ఫైలు తేలింది. కొత్త నంబరు రేకు చంకలో పెట్టుకుని, "వెళ్ళొస్తా అబ్బాయ్. మా గుమ్మానికి మా నంబరు కొట్టుకుని చూసుకోవాలి," అని హుషారుగా మెట్లు దిగాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు. రోజూ పొద్దున్న ఆ రేకుని తుడుచుకునేవాడట. చాలా తృప్తిగా పోయాడని మనవరాలు వచ్చి చెప్పింది. బల్ల మీద వాళ్ళంతా ఆ రోజు ఇంటి మనిషి పోయినట్టు కూర్చున్నారు.

అక్కయ్యకి ఏటికేడు వయసు మీద పడుతోంది. తమ్ముడు చెక్కుచెదరలేదు. "నువ్వు ఇంకొన్నాళ్ళిలా కూర్చుంటే నిన్ను నా కొడుకనుకుంటార్రా," అంది ఒకరోజు. "అయినా ఇదేం శిక్షరా? నువ్వక్కడ కూర్చుంటే ఆవిడకేమైనా తిరిగొస్తుందా?"

"రాదక్కా."

"మరి?"

"ఎదురుచూడడం తప్ప నాకింకేం చేతకాదే."

ఆరో ఏట అక్కయ్య పట్టుకర్ర లేకుండా నడవలేక కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆదివారాలు మరీ పొద్దుపోయేది కాదు. ఇదివరకటి నలభై మూడు గారి కొత్త గది చిరునామా ఆయనకి కంఠతా వచ్చు, అటెండరు చేత ఎప్పుడో కనుక్కున్నాడు. సాయంత్రం నడుచుకుంటూ ఆ వీధి మొదటిదాకా వెళ్ళేవాడు. మేడ మీద నుంచి కుట్టుమిషను చప్పుడు వినిపించేది. ఆగి ఆగి, మళ్ళీ జోరుగా. కిటికీలో దీపం వెలిగేది. లోపల నుంచి గడియ పెట్టుకున్న చప్పుడు ఊహించుకునేవాడు. ఆ తలుపు కొట్టే అర్హత తనకి లేదనుకుని మొదటి ఇంటి గోడ దగ్గర నుంచే వెనక్కి తిరిగేవాడు. ఆమె మీద బెంగ మాత్రం వయసులాగా ఆగలేదు, పెరుగుతూనే వచ్చింది.

పదకొండో ఏడు చివరికొచ్చేసరికి అటెండరు వంతు వచ్చింది. అతనూ విరమించాడు. సాగనంపే సభకి వేసుకోవడానికి కొత్త ప్యాంటు కొనుక్కుని, పొడుగు తగ్గించడానికి ఆమె కుట్టు దుకాణానికి పట్టుకెళ్ళాడు. తను బల్ల మీద కూర్చుంటున్న సంగతి ఆమెకి చెప్పొద్దని పాత సూపరింటెండెంటు ఎప్పుడో అతని చేత ఒట్టు వేయించుకున్నాడు. అయితే ఆ ఒట్టు ఉద్యోగంలో ఉన్నంతవరకేనని అటెండరు తనకి తానే తీర్మానించుకున్నాడు.

మర్నాడు ఉదయం పది దాటి పావుగంటకి ఆమె మెట్లెక్కి వచ్చింది. ఆయన ముందు అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు, తర్వాత తలెత్తాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. ముక్కు మీద కళ్ళజోడు ఉంది. ఒళ్ళు కొంచెం నిండింది. ఆమె తిన్నగా వచ్చి బల్ల మీద ఆయన పక్కన కూర్చుని, ఆయన మణికట్టు పట్టుకుని చూసింది. అక్కడ గుండీ లేదు.

"ఇంకా కుట్టించుకోలేదా?"

"కుట్టేవాళ్ళు లేక," అంటూ ఆయన జేబులోంచి గుండీ తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

ఆమె సంచిలోంచి సూది తీసి దారం ఎక్కించింది. మూడుసార్లు తప్పి నాలుగోసారి ఎక్కింది. "కళ్ళు పోయాయండీ. మిషను మీద పదకొండేళ్ళు. నాకు బల్ల లేదుగా, వయసొచ్చింది."

"కళ్ళజోడు బాగుంది," అన్నాడు ఆయన.

"మీ మీద కోపం ఎన్నేళ్ళుందో తెలుసా? తాళం వేసినప్పుడల్లా వచ్చేది. ఈ తాళం ఇంకో పదకొండేళ్ళ ముందే పడి ఉండేది కదా అని." గుండీ చుట్టూ దారం చుడుతూ అంది. "ఆదివారాలు మా వీధి మొదట్లో నిలబడేది మీరేనని నాకు తెలుసు. పైకి వస్తారేమోనని చూసేదాన్ని. వస్తే తిట్టి పంపుదామని. కొన్నాళ్ళకి, వస్తే తిట్టకుండా ఉండగలనా అని. ఆ తర్వాత ఇంకెందుకు రాడని. ఇక్కడ కూర్చున్నారని నిన్నటిదాకా నాకు తెలియదండీ."

"ఎవరూ రమ్మనకుండా ఎలా రాను?"

"అదే మీ జబ్బు." ఆమె దారాన్ని పళ్ళతో తెంపింది. ఎడమ కన్ను చిన్నదయింది. అది చూసి ఆయనకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "నాకో గది ఉంది, పక్కన చిన్నది ఇంకోటి ఉంది. వస్తారా?"

ఆయన తల ఊపాడు.

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. లోపలి అమ్మాయి కాగితం తీసింది.

"అర్జీ ఏమిటండీ?"

"కార్డులో ఒక మనిషిని చేర్చాలి."

"యజమాని?"

"నేనే."

"చేర్చవలసిన మనిషి?"

ఆమె బల్ల వైపు చూపించింది. అమ్మాయి కలం ఆగింది. "సంబంధం ఏమని రాయమంటారు? భర్త, తండ్రి, కొడుకు, సోదరుడు. ఈ నాలుగే ఉన్నాయి."

"భర్త అనడానికి లేదు. మొదటాయన ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. మిగతా మూడూ కాదు."

"అయితే ముందు ఉన్నవారి విభాగానికి పంపాలండీ. ఇదిగో, బిళ్ళ..."

"బిళ్ళ వద్దమ్మా. మీ సూపరింటెండెంటు గారిని నూట పన్నెండో పేజీ తీయమను."

కొత్త సూపరింటెండెంటు కొత్తదేం కాదిప్పుడు, చత్వారం కూడా వచ్చేసింది. పుస్తకం తెరవనైనా తెరవకుండా కలం పట్టుకుని బయటికే వచ్చింది. సంబంధం గడికి అడ్డంగా గీత కొట్టి, వర్తించదు అని రాసి సంతకం పెట్టింది. తర్వాత తన సార్ ఫైలు తెప్పించి, ఖాళీ సెలవుల పేజీకి అడ్డంగా కూడా అలాగే కొట్టింది.

"పదకొండేళ్ళకి ఇంకా తొమ్మిది రోజులుంది సార్," అంది నవ్వుతూ.

"అవి సెలవు కింద రాసెయ్యి తల్లీ," అన్నాడాయన. నలభై మూడో బిళ్ళని కిటికీలోంచి లోపలికి తోశాడు.

ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఆమె ముందు, ఆయన వెనక. మూడో మెట్టు మీద ఆయన మోకాలు కలుక్కుమంది. పదకొండేళ్ళుగా ఆ మోకాలికి కొత్త నొప్పి ఏదీ రాలేదు. ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"మోకాలు," అన్నాడాయన, సంతోషం పట్టలేక.

ఆమె కింది మెట్టు మీద ఆగి చెయ్యి అందించింది. "మెల్లిగా రండి," అంది.